మా పేపరు దొంగ

జూన్ 3, మంగళవారం

మా పేపరులో నా బొమ్మ ఇవాళ అరపేజీ వచ్చింది, అదీ రంగుల్లో. ఈ ఒక్క మాట రాసుకోవడానికే ఈ డైరీ కొన్నాను.

పంతొమ్మిదేళ్ళుగా ఈ పేపరుకి బొమ్మలు గీస్తున్నాను. ఇన్నేళ్ళలో నా బొమ్మ తపాలా బిళ్ళ సైజు దాటింది రెండే రెండు సార్లు. ఒకసారి వరదలొచ్చినప్పుడు. ఇంకోసారి ఎవరిదో సబ్బు ప్రకటన ఆఖరి నిమిషంలో రద్దయి, పేజీలో ఖాళీ మిగిలిపోయినప్పుడు. అలాంటిది మొన్న ఎడిటర్ తనంతట తానే నా బల్ల దగ్గరికి నడిచొచ్చి, "మన దొంగని పెద్దవాణ్ణి చేద్దామయ్యా" అన్నాడు.

"మన దొంగ" అంటే, దొంగతనం వార్త వచ్చినప్పుడల్లా పక్కన వేసే బొమ్మ. పదకొండేళ్ళ కిందట గీసింది. గళ్ళ చొక్కా, దట్టమైన మీసం, గుబురు కనుబొమలు, నుదుటి మీద పడే ఒక రింగు జుట్టు, ఎడమ దవడ మీద మచ్చ. భుజం మీదుగా వెనక్కి తిరిగి చూస్తుంటాడు. అప్పటినుంచీ ఏ వీధిలో ఏ ఇంట్లో ఏది పోయినా నేరం ఈయన నెత్తినే. ఇప్పుడు "మీ వీధిలో వీడున్నాడా?" అని శీర్షిక పెట్టి, కింద ఫోను నంబరు ఇచ్చి, బస్టాపుల్లో కూడా అంటిస్తున్నారు.

ఎవరిని చూసి గీశావని ఆఫీసులో అందరూ అడుగుతున్నారు. ఎవరినీ చూసి గీయలేదని చెప్పాను. నిజమే చెప్పాను. ఆ రోజు ప్రింటుకి పది నిమిషాలే టైముంది. చూడకుండా గీయగలిగిన ముఖం నాకు ఒక్కటే వచ్చు, అన్నయ్యది. చిన్నప్పటినుంచీ కొన్ని వందలసార్లు గీశాను. కాబట్టి అన్నయ్యని చూసి గీశానని అనడానికి వీల్లేదు. ఆ టైములో ఆయన నా ఎదురుగా లేడు కదా.

జూన్ 4, బుధవారం

పొద్దున్నే అన్నయ్య టీ గ్లాసు పక్కన పెట్టుకుని నిన్నటి పేపరు చూశాడు. అరపేజీ బొమ్మనీ అరగంట చూశాడు. నేను గోడ గడియారానికి కీ ఇస్తున్నట్టు నటిస్తూ అక్కడే నిలబడ్డాను. అది బ్యాటరీ గడియారం.

"బాగుందిరా," అన్నాడు చివరికి. "ముక్కు ఇంకాస్త పొట్టిగా ఉండాలేమో." తన ముక్కు రుద్దుకుంటూ లేచి, సంచి తగిలించుకుని బడ్డీకి వెళ్ళిపోయాడు.

అంటే పోల్చుకోలేదు. నా గుండె మీద బరువు దిగిపోయింది. అయినా పోలిక అంటే ఏం పోలిక? మీసాలూ కనుబొమలూ ఊళ్ళో ఎవరికి లేవు?

అన్నయ్య మా ఇంట్లోనే ముందుగదిలో ఉంటాడు. వదిన పోయినప్పటినుంచీ అంతే. వీధి చివర ఆయనకి తాళాల బడ్డీ ఉంది. మారు తాళంచెవులు చేస్తాడు, తాళం పడిపోయి గుమ్మంలో నిలబడిపోయినవాళ్ళ తలుపులు తీసిపెడతాడు. నాన్న పోయేనాటికి నాకు ఆరేళ్ళు, ఆయనకి పదిహేడు. బడి మానేసి ఆకురాయి పట్టుకున్నాడు. ఆయన తాళంచెవులు రాకుతుంటే నేను ఎదురుగా పీట వేసుకుని ఆయన్ని గీసేవాణ్ణి. "కదల్నులే, గీసుకో" అనేవాడు. చేతులు కదిలేవి కానీ తల కదిలేది కాదు. నన్ను బొమ్మల కాలేజీలో చేర్పించింది కూడా ఆయనే. ఇవన్నీ ఇప్పుడెందుకు రాస్తున్నానో తెలియదు.

జూన్ 7, శనివారం

నాలుగు రోజుల్లో మూడొందల ఫోన్లు. నిన్న సాయంత్రం ఆరు గంటలకి అరవై మూడు మంది అరవై మూడు వీధుల్లో దొంగని చూశారు. ఎడిటర్ ముఖం వెలిగిపోతోంది. "ఎంత చురుకైనవాడో చూశావా" అంటున్నాడు. ఒక్కడే ఒకే టైములో అన్ని చోట్ల ఎలా ఉంటాడని అడగబోయి మానేశాను. పొగుడుతున్నప్పుడు అడ్డు రావడం మర్యాద కాదు.

ఒకాయన ఫోను నేనే తీశాను. "ఇరవై ఏళ్ళుగా మా పక్కింట్లోనే ఉంటున్నాడండీ. ఇంతవరకూ ఒక్క చెంచా కూడా తీయలేదు. ఎంత పెద్ద ప్లాను వేసుంటాడో మీరే ఆలోచించండి" అన్నాడు. నేను రాసుకున్న ఆ మాటలు ఎడిటర్ చదివి, చుట్టూ గీతల పెట్టె కట్టి పేపర్లో వేయించాడు.

జూన్ 12, గురువారం

సెలూన్‌కి వెళ్ళాను. పదహారు మంది వరసలో ఉన్నారు. అందరూ కనుబొమలు పలచన చేయించుకోవడానికి వచ్చినవాళ్ళే. "మీ పుణ్యమా అని చేతినిండా పని సార్" అన్నాడు సెలూన్ ఆయన. రింగు జుట్టువాళ్ళు పొద్దున్నే నీళ్ళతో అణిచి దువ్వుకుంటున్నారట. దవడ మీద పుట్టుమచ్చ ఉన్న ఒక సంగీతం మాస్టారిని విద్యార్థులే గదిలో పెట్టి తాళం వేసి పోలీసులని పిలిచారట. ఆయన పాడి చూపిస్తే గానీ వదల్లేదట.

జనం ఇంత వెర్రివాళ్ళని నేననుకోలేదు. బొమ్మ బొమ్మే, మనిషి మనిషే. ఆ మాత్రం తెలియకపోతే ఎలా?

మా ఆవిడ నా గళ్ళ చొక్కాలు రెండూ ఇల్లు తుడిచే గుడ్డలు చేసేసింది.

జూన్ 13, శుక్రవారం

అన్నయ్యకి మొత్తం ఏడు చొక్కాలు. ఏడూ గళ్ళవే.

జూన్ 19, గురువారం

మా ఎదుటి అపార్టుమెంటులో మూడో అంతస్తు టీచరమ్మ బయట చెత్తబుట్ట పెట్టడానికి వస్తే వెనకాల తలుపు మూసుకుని తాళం పడిపోయింది. లోపల స్టవ్ మీద పాలు. అన్నయ్యకి కబురొచ్చింది. వెళ్ళాడు. ఆవిడ ఆయన్ని చూసి రెండు అడుగులు వెనక్కి వేసిందట. ఆరేళ్ళుగా ఆవిడ బీరువా, ఆవిడ స్కూటరు, ఆవిడ తపాలా పెట్టె అన్నీ తీసిపెట్టింది ఈయనే.

ఆవిడ పక్క ఫ్లాటు లెక్చరర్‌నీ, కింద ఫ్లాటు రిటైర్డ్ ఇంజనీరునీ పిలిచింది. ముగ్గురూ గుసగుసలాడుకుని, అన్నయ్య రెండు చేతులూ చెరొకరు పట్టుకుంటే భద్రంగా ఉంటుందని తేల్చారు.

"చేతులు పట్టుకుంటే తాళం ఎలా తీయనండీ?" అన్నాడట అన్నయ్య.

"అదీ నిజమే," అన్నాడట ఇంజనీరు. "పోనీ మీరు చెప్పండి, మేం తీస్తాం."

అలా ఆయన గోడకి ఆనుకుని నిలబడి చెప్తుంటే, వాళ్ళిద్దరూ గంటన్నర కష్టపడి తలుపు తీశారు. పాలు మాడి గిన్నెకి బొక్క పడింది. ఇంజనీరుగారు మాత్రం పరమానందపడిపోయి, తాళం తీసే ఆ కమ్మీ ఎలా వంచాలో మళ్ళీ చూపించమన్నాడట. అన్నయ్య చూపించాడు.

భోజనాల దగ్గర ఆయన ఇదంతా నవ్వుతూనే చెప్పాడు. మా ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను.

"మరి మీకేమిచ్చారు బావగారూ?" అంది.

"వాళ్ళే తీశారు కదమ్మా," అన్నాడు.

జూన్ 24, మంగళవారం

ఇంజనీరూ లెక్చరరూ కలిసి ఈ వారం నాలుగు తలుపులు తీశారు. సెలవు రోజుల్లో నేర్పిస్తారట కూడా. అన్నయ్య బడ్డీ దగ్గరికి మాత్రం ఒక్కరూ రాలేదు. తాళాల పని నమ్మకం మీద నడిచేది. గళ్ళ చొక్కా వల్ల బేరం పోతుందంటే వినడానికే నవ్వులాటగా ఉంటుంది. ఎండలు ఎక్కువగా ఉన్నాయి, జనం బయటికి రావడం లేదు. అదీ సంగతి.

అయినా ముందు జాగ్రత్తగా ఇవాళ కొత్త దొంగని గీశాను. నున్నగా గీసుకున్న గడ్డం, కళ్ళజోడు, ఇస్త్రీ చొక్కా, టై. చాలా కష్టపడ్డాను. మూడుసార్లు చెయ్యి దానంతట అదే కనుబొమలు దట్టంగా వేసేసింది. రబ్బరుతో చెరిపి మళ్ళీ మళ్ళీ గీశాను. ఎడిటర్ ఊళ్ళో లేడు కాబట్టి పేజీలోకి పోయింది.

జూన్ 26, గురువారం

వద్దురా బాబూ. పొద్దున్నుంచీ ఫోన్లే ఫోన్లు.

చదువుకున్నవాళ్ళని అవమానించారని ఒకరు. దొంగలా లేడని ఒకరు. మా అల్లుడిలా ఉన్నాడు, మా అమ్మాయి ఏడుస్తోందని ఒకరు. ఈ బొమ్మ చూసి భయం పోయింది, తలుపు వేయడం మరిచిపోయి పడుకున్నాను, ఏదైనా పోయుంటే ఎవరిది పూచీ అని ఒకావిడ. మా ఆఫీసు అకౌంటెంటు నాతో మాట్లాడటం మానేశాడు.

ఎడిటర్ రాగానే పిలిపించాడు. "దొంగ దొంగలా ఉండాలయ్యా. చూసేవాడికి ఒక ధైర్యం ఉండాలి. ఇలా ఉంటే ఎవరిని చూసి భయపడాలో తెలియక జనం చచ్చిపోతారు" అన్నాడు. పాత బొమ్మ మళ్ళీ వేశారు.

నా ప్రయత్నం నేను చేశాను. ఇంతకంటే ఎవరైనా ఏం చేస్తారు?

జూలై 2, బుధవారం

నిన్న ఎదుటి అపార్టుమెంటులో నిజంగానే దొంగతనం జరిగింది. పట్టపగలు.

టై కట్టుకున్న ఒకాయన వచ్చాడు. వాచ్‌మన్ సెల్యూట్ కొట్టాడు. రెండో అంతస్తులో కొత్తగా దిగినవాళ్ళ గుమ్మం ముందు నిలబడి, తాళంచెవి ఆఫీసులో మరిచిపోయానని ఆయన మర్యాదగా చెబితే, తాళం తీసిపెట్టింది ఇంజనీరుగారే. టీవీ బరువుగా ఉందని ఒక చెయ్యి వేసింది లెక్చరర్. టీచరమ్మ లిఫ్టు తలుపు పట్టుకుంది. కారెక్కేటప్పుడు ఆయన అందరికీ థాంక్స్ కూడా చెప్పాడు.

కెమెరాలో ఆయన ముఖం అద్దంలో చూసినట్టు పడింది. ఆ ఫొటో మా ఆఫీసుకి వచ్చింది. ఇవాళ పేపరు చూస్తే, వార్త పక్కన నా బొమ్మే ఉంది. పరుగున ఎడిటర్ దగ్గరికి వెళ్ళాను.

"అసలు మనిషి ఫొటో ఉండగా బొమ్మెందుకు సార్?"

"ఫొటోలో ఉన్నవాడు దొంగలా లేడయ్యా," అన్నాడాయన ఓపిగ్గా. "అది వేస్తే వార్త నమ్మరు."

పోలీసులు ఆ ఫొటో చూపిస్తే టీచరమ్మ, ఇంజనీరు, లెక్చరర్, వాచ్‌మన్ నలుగురూ తల అడ్డంగా ఊపారట. ఈయన కాదు, ఈయన చాలా మంచి మనిషి, టీవీ తీసుకెళ్ళింది పేపర్లో ఉన్నవాడని చెప్పారట. లెక్చరర్ అయితే, వాడి చేతిలోంచి టీవీ లాక్కోబోయానని కూడా చెప్పాడట.

ఇది ఎవరికీ చెప్పను కానీ, లోపల కొంచెం గర్వంగా కూడా అనిపించింది. ఫొటోనే ఓడించిందంటే గీతలో ఏదో ఉన్నట్టే కదా.

జూలై 8, మంగళవారం

సాయంత్రం ఎవరో పెద్దమనిషి మా ముందుగదిలో కూర్చుని ఉంటే, ఎవరు కావాలండీ అని అడిగాను. అన్నయ్య.

మీసం తీసేశాడు. కనుబొమలు పలచన చేయించాడు. జుట్టు అణిచి దువ్వాడు. తెల్ల చొక్కా ఒకటి కొనుక్కున్నాడు, మడతలు కూడా పోలేదు. కనుబొమలు పలచబడటంతో దేనికో ఆశ్చర్యపోతున్నట్టు కనిపిస్తున్నాడు.

"ఎలా ఉన్నాన్రా?"

"కొత్తగా ఉన్నావు."

"ఉక్కపోస్తోంది కదా, అందుకని," అన్నాడు.

ఉక్క నిజమే. ఈ ఏడు మరీ ఎక్కువగా ఉంది.

జూలై 9, బుధవారం

వీధిలో అందరికీ తెలిసిపోయింది. "వేషం మార్చాడు" అంటున్నారు. తప్పు చేయనివాడు మీసం ఎందుకు తీస్తాడని సెలూన్ ఆయన కూడా అన్నాడు. తీసింది ఈ సెలూన్ ఆయనే.

జూలై 11, శుక్రవారం

ఎడిటర్‌కి కొత్త ఆలోచన వచ్చింది. దొంగ వేషాలు మారుస్తున్నాడని పాఠకులు ఫోన్లు చేస్తున్నారు కాబట్టి, "నేటి వేషం" అని రోజూ ఒక బొమ్మ. రోజూ! పావు పేజీ! కింద నా పేరు!

మొదటిది ఇవాళే ఇచ్చాను. మీసం లేకుండా, పలచటి కనుబొమలతో, తెల్ల చొక్కా. ఇంకోలా గీద్దామనే కూర్చున్నాను. నాకు ఊహ లేదని కాదు. పొద్దునా సాయంత్రం ఎదురుగా కూర్చుని భోంచేసే మనిషి ముఖం చేతికి వచ్చేస్తోంది. పని పనే, ఇల్లు ఇల్లే. రెండూ కలపకూడదు.

జూలై 14, సోమవారం

అన్నయ్య కళ్ళజోడు పెట్టుకున్నాడు. చూపు బాగానే ఉంది, ఊరికే అద్దాలు.

జూలై 15, మంగళవారం

కళ్ళజోడు వేషం వచ్చింది. బాగా వచ్చింది.

జూలై 17, గురువారం

టోపీ.

జూలై 18, శుక్రవారం

టోపీ వచ్చింది.

జూలై 20, ఆదివారం

మా ఆవిడ నా మీద విరుచుకుపడింది. "ఆయన పొద్దున ఏం వేసుకుంటే మీరు రాత్రికి అదే గీసి పంపిస్తున్నారు. నాకు కళ్ళు లేవనుకున్నారా?" అంది.

"గట్టిగా అరవకు, అన్నయ్య వింటాడు."

"వినాలనే."

ముందుగది తలుపు దగ్గరగా వేసి ఉంది. ఆయన రేడియో పెట్టుకుని ఉన్నాడు. విని ఉండడు. రేడియో కొంచెం ముందే పెట్టాడా, తరవాత పెట్టాడా అన్నది నాకు గుర్తు లేదు.

జూలై 21, సోమవారం

ఇవాళ అన్నయ్య నవ్వాడు. ఎన్నాళ్ళయిందో. కూరలో ఉప్పు వేయడం మరిచిపోయి మా ఆవిడ నాలుక కరుచుకుంటే పకపకా నవ్వాడు. పై పలువరసలో ఒక పన్ను లేదని నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

జూలై 22, మంగళవారం

"నవ్వే దొంగతో జాగ్రత్త" అని శీర్షిక పెట్టారు. రంగులు చక్కగా వచ్చాయి.

జూలై 26, శనివారం

చివరికి ధైర్యం చేశాను. నిన్న ఎడిటర్ గదిలోకి వెళ్ళి, "సార్, ఆ బొమ్మ ఒక అమాయకుడిలా ఉందని ఎవరో అంటున్నారు. సవరణ వేద్దాం" అన్నాను.

"ఎవరా అమాయకుడు?" అన్నాడు.

పేరు నోటిదాకా వచ్చింది. చెప్తే అన్నయ్యకే నష్టం కదా అని ఆగిపోయాను. ఎడిటర్ మంచి మూడ్‌లో ఉన్నట్టున్నాడు, ఒక వాక్యం వేయించాడు. ఇవాళ ఏడో పేజీలో అడుగున వచ్చింది. "మేము ప్రచురిస్తున్న దొంగ బొమ్మ ఏ మనిషినీ ఉద్దేశించినది కాదు."

మధ్యాహ్నానికి వీధివీధంతా చెవులు కొరుక్కోవడం మొదలైంది. మనిషి కాదట. పేపరువాళ్ళే ఒప్పుకున్నారట. అందుకే ఒకేసారి అరవై మూడు చోట్ల కనబడ్డాడట.

ఇక నుంచి ఎవరికీ మేలు చేయకూడదు అనుకున్నాను.

ఆగస్టు 1, శుక్రవారం

అపార్టుమెంటువాళ్ళు ఒక కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. వీధి చివర అనుమానాస్పద వ్యక్తులు కూర్చునే చోట్లు లేకుండా చేయాలని. మా ఇంటికీ వచ్చారు. టీచరమ్మ, ఇంజనీరు, లెక్చరర్. చాలా మర్యాదగా కూర్చున్నారు. మా ఆవిడ లోపలికి వెళ్ళి ఇక బయటికి రాలేదు. కనీసం మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.

కాగితం రెండుసార్లు చదివాను. అందులో ఎవరి పేరూ లేదు. బడ్డీ అన్న మాట కూడా లేదు. "మీ బొమ్మల వల్లే మా కళ్ళు తెరుచుకున్నాయి, మొదటి సంతకం మీదే ఉండాలి" అన్నాడు ఇంజనీరు. అంత పెద్దమనిషి అంతగా అడిగితే కాదనడం ఎలా? పైగా పెట్టకపోతే మన మీదే అనుమానం వస్తుంది.

సంతకం పెట్టాను. నా సంతకం చూడటానికి బాగుంటుందని అందరూ అంటారు.

ఆగస్టు 4, సోమవారం

బడ్డీ తీసేశారు. ముప్పై తొమ్మిదేళ్ళ బడ్డీ. ఆ నేల మీద ఇనప రజను మిగిలింది, ఎంత ఊడ్చినా పోలేదట.

అన్నయ్య ఇంటికి వచ్చి చేతులు కడుక్కుని, "సంతకాలు చాలానే ఉన్నాయిరా" అన్నాడు. నేను పేపరు అడ్డం పెట్టుకుని చదువుతున్నాను. తరవాత చూసుకుంటే ప్రకటనల పేజీ.

ఆగస్టు 6, బుధవారం

అన్నయ్య పగలంతా ఇంట్లోనే ఉంటున్నాడు. అలికిడి ఉండదు. ఎక్కడ ఉన్నాడో తెలియదు. నీళ్ళు తాగడానికి వెళ్తే వంటింట్లో నిలబడి ఉంటాడు, గుండె గుభేలుమంటుంది. మనిషి అన్నాక కొంచెం చప్పుడు చేయాలి.

ఇవాళ నా వాచీ కనిపించలేదు. బల్ల మీద లేదు, సొరుగులో లేదు. ముందుగది వైపు ఒకసారి వెళ్ళొచ్చాను. ఊరికే, కిటికీ వేసి ఉందో లేదో చూడటానికి. ఆయన పడుకుని ఉన్నాడు. పక్కనే సంచి ఉంది.

వాచీ నా చేతికే ఉంది. ఈ మధ్య మతిమరుపు ఎక్కువైంది.

ఆగస్టు 8, శుక్రవారం

వీధి తలుపుకి కొత్త తాళం వేయించాను. ఊళ్ళో రోజులు బాగాలేవు, అందరూ మారుస్తున్నారు. అన్నయ్యకి శ్రమ ఎందుకని ఇంజనీరుగారినీ లెక్చరర్‌నీ పిలిచాను. వాళ్ళు మూడు గంటలు కొట్టి, దాన్ని తలకిందులుగా బిగించారు. అన్నయ్య గడప లోపల నిలబడి చూస్తూ, చూస్తూ, ఇక ఉండబట్టలేక, "పై మర ముందు విప్పండి బాబూ, అది అటు తిరగాలి" అన్నాడు. వాళ్ళు ఆయన చేతులు తాళం దగ్గరికి రానివ్వలేదు. ఆయన నోటితో చెప్తే సరిచేశారు.

తాళంచెవులు రెండొచ్చాయి. ఒకటి నాకు, ఒకటి మా ఆవిడకి.

"నాకో మారు చెవి చేసుకోనా?" అన్నాడు అన్నయ్య.

"చూద్దాంలే," అన్నాను.

మా ఆవిడ నా వైపు చూసిన చూపు గురించి రాయడం ఇష్టం లేదు.

ఆగస్టు 12, మంగళవారం

మధ్యాహ్నమంతా వాన. ఐదింటికి ఇంటికొచ్చేసరికి అన్నయ్య మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. తెల్ల చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. సంచి ఒళ్ళో పెట్టుకున్నాడు. మా ఆవిడ వాళ్ళ అక్క ఇంటికి వెళ్ళింది. నిన్న నాతో మాట పెరిగి, ఎప్పుడొస్తానో తెలియదని చెప్పి, ఆ కోపంలో అన్నయ్యకి చెవి లేదన్నది మరిచి, పదకొండింటికి తాళం వేసుకుని వెళ్ళిపోయిందట. అప్పటికి అన్నయ్య కొత్త చోటు ఏదైనా దొరుకుతుందేమోనని తిరగడానికి వెళ్ళి ఉన్నాడు. పదకొండున్నరకి తిరిగొచ్చాడు. అప్పటినుంచీ అక్కడే ఉన్నాడు.

"వానలో ఇక్కడెందుకు కూర్చున్నావు అన్నయ్యా? తాళం తీసుకుని లోపలికి వెళ్ళొచ్చు కదా. నీకు అర నిమిషం పని."

"తీయొచ్చు," అన్నాడు. "తీస్తే రేపు అది కూడా గీస్తావేమోనని."

నవ్వుతూ అనలేదు. కోపంగానూ అనలేదు.

"నీకు తెలుసా?"

"నీ గీత నాకు తెలీదా రా? ఎన్నేళ్ళు కూర్చున్నాను నీ ఎదురుగా."

"ఎప్పటినుంచి?"

"తపాలా బిళ్ళంత ఉన్నప్పటినుంచి. పదకొండేళ్ళు."

"మరి ఎందుకు చెప్పలేదు? ఒక్క మాట అంటే..."

"అరపేజీ వచ్చిందని అంత సంబరపడ్డావు," అన్నాడు. "నీ సంబరం పాడుచేయడం ఎందుకులే అనుకున్నా."

నాకు ఏడుపొచ్చింది. ఎదుటి అపార్టుమెంటు గుమ్మంలో టీచరమ్మ నిలబడి మమ్మల్నే చూస్తోంది. మా అన్నయ్య అండీ అని గట్టిగా చెప్పాలనిపించింది. చెప్పలేదు. ఆవిడకి తెలియక కాదు కదా. గబగబా తాళం తీసి, లోపలికి రమ్మన్నాను.

"నువ్వు ముందు వెళ్ళు," అన్నాడు. కొత్త ఇళ్ళల్లో తలుపు తీసినప్పుడు ఆయన అలాగే అంటాడు, ఇంటివాళ్ళు ముందు వెళ్ళాలని.

నేను ముందు వెళ్ళాను. రేపు ఎడిటర్ ముఖాన చెప్పేస్తానన్నాను. బొమ్మ మానేస్తానన్నాను, ఉద్యోగం మానేస్తానన్నాను, పేపర్లో నా పేరుతో అసలు సంగతంతా రాస్తానన్నాను. ఆ మాటలు అంటున్నప్పుడు నిజంగానే అన్నాను. ఆయన తువ్వాలుతో తల తుడుచుకుంటూ, "సరేలేరా, ముందు తడిబట్టలు మార్చుకో" అన్నాడు. ఇంత సిగ్గు నా జన్మలో ఎప్పుడూ పడలేదు.

ఆయన సంచి తీసుకుని తన గదిలోకి వెళ్ళబోయాడు. సంచి కొంచెం బరువుగా ఉన్నట్టు కనిపించింది. నా చూపు అటు పోయింది. ఎందుకు పోయిందో నాకు తెలియదు, దానంతట అదే పోయింది. అది ఆయన చూశాడు.

వెనక్కి వచ్చి, సంచి నా ముందు బల్ల మీద పెట్టి, తాడు విప్పాడు. వద్దు అన్నయ్యా అనాలి. అనలేదు. చూశాను. రెండు ఆకురాళ్ళు, నీళ్ళ సీసా, తడిసిన గళ్ళ చొక్కా ఒకటి ఉన్నాయి.